ఓస్లో, కోపెన్‌హాగెన్, స్టాక్‌హోమ్: నాలుగు రోజులే ఉంటే ఏ ఊరికి వెళ్ళాలి?

స్కాండినేవియా అనగానే మూడు రాజధానులనూ ఒకే గాటన కట్టేస్తాం. మూడూ నీటి ఒడ్డున ఉన్నవే, మూడూ శుభ్రమైనవే, మూడూ జేబుకు చిల్లు పెట్టేవే. ఫొటోలు చూసి ఎంచుకోబోతే తేడా తెలియదు. కొత్త కట్టడాలు, మ్యూజియాలు, అడవీ నీళ్ళూ: ఈ మూడింటిలో వేటికి నడిచి వెళ్ళొచ్చు, వేటికి రైలెక్కాలి, వేటికి రోజంతా ఖర్చవుతుంది అని లెక్క వేస్తేనే ఊళ్ళ తేడా బయటపడుతుంది. వారం రోజుల్లో మూడూ చుట్టేద్దాం అనుకునేవాళ్ళకు ముందే ఒక మాట: అందులో దాదాపు రెండు రోజులు ప్రయాణాలకూ, హోటల్ మారడానికీ పోతాయి. ఒక ఊరు, మహా అయితే రెండు.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది నెల. జూన్ మూడో వారంలో ఓస్లోలో దాదాపు 18 గంటల 50 నిమిషాలు పగలు ఉంటుంది. డిసెంబరు మూడో వారంలో అది 6 గంటలకు కాస్త తక్కువ, పైగా సూర్యుడు నెత్తిమీదికి రాకుండా ఇళ్ళ కప్పుల వెనకే తిరిగి దిగిపోతాడు. మ్యూజియం పది గంటలకు తెరిస్తే, బయటికొచ్చేసరికి చీకటి. అందుకే చలికాలం వెళ్ళేవాళ్ళు ప్రకృతిని పొద్దున పెట్టుకుని మ్యూజియాన్ని సాయంత్రానికి వదలాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఈ మూడు ఊళ్ళలో దేనికి వెళ్ళినా ఉత్తర ధ్రువకాంతి చూస్తామని ఆశపడొద్దు. అది చాలా ఉత్తరాన ఉన్న ఊళ్ళ సంగతి.

రెండోది వారం. ఓస్లో నేషనల్ మ్యూజియం, స్టాక్‌హోమ్‌లోని మోడెర్నా మ్యూజియెట్, కోపెన్‌హాగెన్ వైపు లూయిసియానా కళా మ్యూజియం సోమవారం మూసి ఉంటాయి. ఆదివారం ఇబ్బంది మాత్రం ఓస్లోకే ఉంది: నార్వేలో పెద్ద సూపర్‌మార్కెట్లు ఆదివారం తెరవరు. చిన్న కొట్లు తెరుస్తారు కానీ అక్కడ సరుకు తక్కువ, ధర ఎక్కువ. ఓస్లోలో వండుకునే ఆలోచన ఉంటే శనివారం సాయంత్రానికే బియ్యం, కూరలు, పెరుగు తెచ్చిపెట్టుకోవాలి.

మూడోది డబ్బు. మూడు దేశాల్లోనూ కరెన్సీని మనం "క్రోన్" అనే అంటాం కానీ మూడూ వేర్వేరు. డానిష్ క్రోన్ విలువ నార్వే, స్వీడన్ వాటికి సుమారు ఒకటిన్నర రెట్లు. కోపెన్‌హాగెన్ మెనూలో 150 అని, ఓస్లోలో 200 అని చూసి మొదటిదే చవక అనుకుంటే లెక్క తప్పినట్టే. మొత్తం మీద మూడింటిలో కాస్త చేతికందేది స్టాక్‌హోమ్.

నాలుగోది మోకాళ్ళు. వెంట పెద్దవాళ్ళు ఉంటే మిగతా అన్నింటికంటే ఇదే ముఖ్యం. ఓస్లో ఎత్తుపల్లాల ఊరు, కోపెన్‌హాగెన్ బల్లపరుపు. స్టాక్‌హోమ్ ఆ రెంటికీ మధ్య, గుండ్రాళ్ళు పరిచిన పాత వీధులతో.

| | ఓస్లో | కోపెన్‌హాగెన్ | స్టాక్‌హోమ్ |
|---|---|---|---|
| కొత్త కట్టడాలు | నీటి ఒడ్డున ఒక్కచోటే గుంపుగా | ఊరంతా, శివార్ల దాకా | తక్కువ. 20వ శతాబ్దం మొదటి సగానివి బలం |
| మ్యూజియాలు | ముంక్, నేషనల్ | లూయిసియానా | వాసా, స్కాన్సెన్ |
| ప్రకృతి | మెట్రో చివరి స్టేషన్లో అడవి | జింకల వనం, బీచ్. కొండలు లేవు | దీవులు |
| విమానాశ్రయం దూరం | సుమారు 50 కి.మీ. | సుమారు 8 కి.మీ. | సుమారు 40 కి.మీ. |
| జూన్ నడుమ పగలు | 18 గం. 50 ని. | 17 గం. 30 ని. | 18 గం. 35 ని. |
| డిసెంబరు నడుమ పగలు | 6 గంటల లోపు | 7 గంటలు | 6 గంటలు |

ఓస్లో: కట్టడం నుంచి అడవికి మెట్రోలో

కట్టడాలు, కళ, ప్రకృతి మూడూ సమపాళ్ళలో కావాలనుకునేవాళ్ళకు మా సలహా ఓస్లోనే. కారణం దూరాలు. సెంట్రల్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడకలో బ్యోర్వికా. అక్కడ ఒపెరా హౌస్, డైక్‌మన్ లైబ్రరీ, ముంక్ మ్యూజియం పక్కపక్కనే ఉన్నాయి. అదే స్టేషన్లో మెట్రో ఎక్కితే సుమారు 35 నిమిషాల్లో నోర్డ్‌మార్కా అడవి అంచు.

స్నోహెట్టా సంస్థ రూపొందించిన ఒపెరా హౌస్ 2008లో తెరుచుకుంది. దాని పైకప్పు నీళ్ళలోంచి మొదలై వాలుగా పైకి లేస్తుంది, మీదికి ఎవరైనా టికెట్ లేకుండా నడిచి వెళ్ళొచ్చు. పరిచింది ఇటలీ నుంచి తెచ్చిన తెల్ల పాలరాయి. దగ్గరగా చూస్తే అది నునుపైన వాలు కాదు: కొన్ని పలకలు నాలుగు వేళ్ళ ఎత్తున అంచు కట్టి ఉంటాయి, కొన్నిచోట్ల గీతలు, మరికొన్ని చోట్ల గరుకు. తెలుపు మీద తెలుపు కావడంతో ఎండలో ఆ అంచులు కంటికి ఆనవు. ఫోన్ చూస్తూ నడిచేవాళ్ళు తట్టుకుని పడేది అక్కడే. చాలా చోట్ల పిట్టగోడ గానీ కమ్మీ గానీ లేదు, చిన్నపిల్లల చెయ్యి వదలకూడదు. వేసవిలో నల్ల కళ్ళద్దాలు ఉండాలి. వాన పడ్డాక, మంచు గడ్డకట్టాక ఆ రాయి సబ్బుబిళ్ళలా జారుతుంది. ఒపెరా టికెట్ లేకపోయినా లోపలి హాల్లోకి వెళ్ళి, అలలా వంపు తిరిగిన ఓక్ చెక్క గోడను చూసి రావచ్చు. అది చూడకుండా కప్పెక్కి దిగేసి వెళ్ళిపోతే సగమే చూసినట్టు.

పక్కనున్న డైక్‌మన్ లైబ్రరీ 2020లో తెరిచారు, ప్రవేశం ఉచితం. వానరోజున రెండు గంటలు గడపడానికి ఊళ్ళో ఇంతకంటే మంచి చోటు లేదు. పై అంతస్తులో ఫ్యూచర్ లైబ్రరీ అనే కళాప్రాజెక్టు కోసం కట్టిన చిన్న చెక్క గది ఉంది. 2014లో నోర్డ్‌మార్కాలో మొక్కలు నాటారు. ఏటా ఒక రచయిత ఇచ్చే రాతప్రతిని ఎవరూ చదవకుండా ఆ గదిలో భద్రపరుస్తున్నారు. ఆ చెట్ల కాగితం మీద 2114లో అచ్చు వేస్తారు. ఈ ఊరు అడవిని ఎంత దగ్గరగా పెట్టుకుందో చెప్పడానికి ఆ గది ఒక్కటి చాలు.

నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ గీసిన "ది స్క్రీమ్" విషయంలో ఎక్కువమంది పొరబడతారు. అందరికీ తెలిసిన 1893 నాటి రంగుల చిత్రం ఉన్నది నేషనల్ మ్యూజియంలో, ముంక్ మ్యూజియంలో కాదు. ముంక్ మ్యూజియం దగ్గర వేరే రూపాలున్నాయి. వెలుతురుకు పాడవకుండా ఒకసారికి ఒకటే తెరిచి, మిగతావి మూసి ఉంచుతారు. కాసేపు ఆగితే ఇంకొకటి తెరుస్తారు. కాబట్టి ఏ ఒక్క మ్యూజియానికే సమయం ఉన్నా, ఏ చిత్రం కోసం వెళ్తున్నామో ముందు తేల్చుకోవాలి. మొత్తంగా నార్వే కళ చూడాలంటే 2022లో కొత్త భవనంలో తెరిచిన నేషనల్ మ్యూజియం. ఒక్క మనిషి జీవితాన్ని పదమూడు అంతస్తుల్లో చూడాలంటే ముంక్. వైకింగ్ ఓడల కోసమే ఓస్లో అనుకుంటే మాత్రం ఆగండి: బిగ్డోయ్‌లోని ఆ మ్యూజియాన్ని కొత్తగా కట్టడానికి 2022లో మూసేశారు. తెరిచారో లేదో చూసుకున్నాకే టికెట్ కొనాలి.

అడవికి రెండు దారులు. మెట్రో 5వ లైన్ చివర సోంగ్స్‌వన్ చెరువు: చుట్టూ 3.3 కి.మీ. చదునైన బాట, పెద్దవాళ్ళకూ పిల్లల బండికీ పనికొస్తుంది. 1వ లైన్ చివర ఫ్రోగ్నర్‌సెటెరెన్, సముద్రమట్టానికి 450 మీటర్లకు పైన. అక్కడ దిగి ఉల్లెవోల్‌సెటర్ మీదుగా సోంగ్స్‌వన్‌కు నడిస్తే సుమారు 11 కి.మీ. ఎక్కువ భాగం దిగుడే, నాలుగు గంటలు చాలు. చెట్ల మీద నీలి గుర్తులుంటే అది వేసవి కాలిబాట, ఎర్ర గుర్తులు చలికాలపు స్కీ బాటవి. మంచు పడ్డాక స్కీ కోసం గాడి తీసిన బాట మీద బూట్లతో నడిస్తే గాడి చెడిపోతుంది, స్థానికులకు నిజంగానే కోపం వస్తుంది. చలికాలంలో నడిచేవాళ్ళు నడక కోసం చదును చేసిన బాటలే పట్టాలి. ఊళ్ళో వాన పడుతుంటే ఫ్రోగ్నర్‌సెటెరెన్ దగ్గర మంచు కురుస్తూ ఉండటం మామూలే, కాబట్టి కిటికీలోంచి చూసి బట్టలు వేసుకోకూడదు.

వేసవిలో సిటీ హాల్ ముందు రేవు నుంచి దీవుల పడవలు నడుస్తాయి. వాటికీ మెట్రో టికెట్టే చెల్లుతుంది. దగ్గరిది హోవెడోయా. 1147లో కట్టిన క్రైస్తవ మఠం శిథిలాలు, ఈత కొట్టే ఒడ్డు, తిరిగొచ్చేసరికి ఒక పూట.

విమానాశ్రయం నుంచి ఫ్లూటోగెట్ ఎక్స్‌ప్రెస్ రైలు 20 నిమిషాల్లో దింపుతుంది. మామూలు ప్రాంతీయ రైలు ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ తీసుకుని దాదాపు సగం ధరకే తీసుకెళ్తుంది. బోర్డుల మీద ఎక్స్‌ప్రెస్ పేరు పెద్దగా కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్ళు అటే వెళ్తారు. నలుగురున్న కుటుంబానికి ఆ తేడా ఒక పూట భోజనం.

కోపెన్‌హాగెన్: కట్టడాలే ముఖ్యమైతే

కట్టడాల కోసమే వెళ్తున్న విద్యార్థి ఎవరైనా అడిగితే ఓస్లో కాదు, కోపెన్‌హాగెన్ అని చెప్పాలి. 2023 సంవత్సరానికి యునెస్కో ప్రపంచ వాస్తుశిల్ప రాజధానిగా ఎంచుకున్న ఊరిది. ఓస్లోలో కొత్త కట్టడాలను చూడటానికి వెళ్తాం. ఇక్కడ అవి జనం రోజూ వాడే వస్తువులు. సైకిళ్ళు ఇళ్ళ మధ్యగా, నీళ్ళ మీదుగా వంకర తిరిగి దిగిపోయే నారింజరంగు వంతెన ఉంది, 2014లో వేశారు. చెత్త కాల్చి కరెంటూ వేడీ తీసే అమాగర్ బక్కె ప్లాంటు కప్పు మీద స్కీ వాలు, నడక బాట 2019లో తెరిచారు. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు పైకి వెళ్ళనివ్వకపోవచ్చు, బయల్దేరే ముందు చూసుకోవాలి. ఎం1 మెట్రో చివరి స్టేషన్ వెస్ట్‌అమాగర్ దగ్గర అంకె ఎనిమిది ఆకారంలో కట్టిన ఇళ్ళ సముదాయం, దాని అవతల కనుచూపుమేర గడ్డినేల. కట్టడమూ ప్రకృతీ ఇక్కడ ఒకే చోట దొరుకుతాయి. కాకపోతే అందులో మనుషులు కాపురముంటున్నారు, కిటికీల్లోకి కెమెరా పెట్టకూడదు.

రేవు ఒడ్డున ఉన్నవన్నీ చూడటానికి పర్యాటక పడవకు డబ్బు పెట్టనక్కర్లేదు. 991, 992 నంబర్ల హార్బర్ బస్సు, అంటే పడవే, మామూలు సిటీ టికెట్‌తో నల్ల గ్రానైట్ రాయల్ లైబ్రరీ, నీహావ్న్ అనే పాత రేవు, ఒపెరా హౌస్ ముందు నుంచి వెళ్తుంది.

సైకిల్ ఎక్కితేనే ఈ ఊరు పూర్తిగా అర్థమవుతుంది. కానీ మన రోడ్ల అలవాటుతో ఎక్కితే ప్రమాదం. కుడివైపే నడపాలి. ఆగబోయే ముందు చెయ్యి పైకెత్తి చూపాలి, లేకపోతే వెనకున్నవాళ్ళు వచ్చి గుద్దుకుంటారు. ఎడమకు తిరగాలంటే కూడలి నేరుగా దాటి, అవతల మూల ఆగి, ఆ వైపు సిగ్నల్ పడ్డాక కదలాలి. నడిచేవాళ్ళు సైకిల్ బాటలోకి అడుగు పెట్టడం అన్నింటికంటే పెద్ద తప్పు. ఉదయం ఎనిమిది, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో సైకిళ్ళ రద్దీ ఏరులా పారుతుంది, మొదటిరోజు ఆ సమయాల్లో ఎక్కకపోవడం మేలు.

కళకు లూయిసియానా. 1958లో స్థాపించిన ఈ మ్యూజియం ఊరికి 35 కి.మీ. ఉత్తరాన హుమ్లెబెక్‌లో, సముద్రం అంచున ఉంది. రైలు 35, 40 నిమిషాలు, స్టేషన్ నుంచి పది నిమిషాలకు పైగా నడక. మంగళవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి పది వరకు తెరిచే ఉంటుంది. వేసవిలో మధ్యాహ్నం మూడింటికి బయల్దేరితే పగటి రద్దీ తగ్గాక గదులు చూసి, పచ్చిక మీద కూర్చుని జలసంధి అవతల స్వీడన్ తీరాన్ని చూడొచ్చు. లిటిల్ మెర్మెయిడ్ విగ్రహానికి పెట్టే గంట సమయాన్ని దీనికి కలపమంటాం. ఆ విగ్రహం 1.25 మీటర్లే, చుట్టూ ఎప్పుడూ జనమే.

ప్రకృతి మాత్రం ఇక్కడ సాధు స్వభావం. క్లాంపెన్‌బోర్గ్ దగ్గరి జింకల వనం చాలా బాగుంటుంది, లోకల్ రైల్లో అరగంట లోపే. కొండలు, దట్టమైన అడవి కావాలనుకునేవాళ్ళకు ఇది చాలదు.

విమానాశ్రయం రైల్లో ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది: ఊళ్ళోకి వెళ్ళే రైలు అనుకుని స్వీడన్‌లోని మాల్మో వెళ్ళేది ఎక్కేస్తారు. తర్వాతి స్టేషన్ వచ్చేసరికి వంతెన దాటేసి వేరే దేశంలో ఉంటారు. మెట్రో ఎం2 ఎక్కితే ఈ గొడవే లేదు, అది ఊళ్ళోకే పోతుంది.

స్టాక్‌హోమ్: చరిత్ర, దీవులు

పద్నాలుగు దీవుల మీద పరుచుకున్న ఊరు. గాజు, ఉక్కు కట్టడాలు వెతుక్కుంటూ వెళ్తే నిరాశే. ఆధునిక వాస్తుశిల్పం ఎక్కడ మొదలైందో చూడాలంటే మాత్రం స్కోగ్స్‌షిర్కోగార్డెన్‌కు వెళ్ళాలి. గున్నార్ ఆస్ప్లుండ్, సిగుర్డ్ లెవెరెంట్జ్ పైన్ అడవి మధ్య తీర్చిదిద్దిన శ్మశానవనం ఇది, 1994 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. మెట్రో 18వ లైన్లో అదే పేరుతో స్టేషన్. ఇప్పటికీ అంత్యక్రియలు జరిగే చోటు కాబట్టి గొంతు తగ్గించి నడవాలి.

ఇక్కడి మెట్రో కూడా ఒక మ్యూజియమే. నీలి లైన్లో టి-సెంట్రాలెన్, రోధూసెట్, సోల్నా సెంట్రుమ్, కుంగ్స్‌ట్రెడ్‌గార్డెన్ స్టేషన్లలో తొలిచిన బండరాయిని కప్పకుండా అలాగే ఉంచి రంగులద్దారు. ఒక టికెట్ 75 నిమిషాలు చెల్లుతుంది, ఆలోపు నాలుగూ చూసేయొచ్చు. గేటు దగ్గర బ్యాంకు కార్డే తాకించవచ్చు కానీ మనిషికో కార్డు ఉండాలి. ఒకే కార్డు ఇద్దరికి పనిచెయ్యదు.

వాసా మ్యూజియాన్ని ఎవరూ వదులుకోకూడదు. 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే, రేవు దాటకముందే మునిగిన యుద్ధనౌక. రెండు వరసల ఫిరంగులతో పైభాగం బరువెక్కింది, అడుగున వేసిన బరువు దానికి చాలలేదు. గాలి ఒక్క తోపు తోస్తే ఓడ ఒరిగింది, తెరిచి ఉన్న కింది వరస ఫిరంగి రంధ్రాల్లోంచి నీళ్ళు లోపలికి వచ్చేశాయి. 1961లో పైకి తీశారు. కొయ్య ఆరి చీలిపోకుండా 17 ఏళ్ళు మైనం లాంటి రసాయనాన్ని చల్లుతూ వచ్చారు. అందుకే లోపల వెలుతురు మసక, గాలి చల్లన. స్వెట్టర్ ఉంచుకోవాలి. కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళకుండా, ముందు పై అంతస్తుకెక్కి దిగుతూ రండి. ఆ ఫిరంగి రంధ్రాలు నీటిమట్టానికి ఎంత దగ్గరో కంటికి కట్టినట్టు తెలుస్తుంది. మ్యూజియానికి స్లుసెన్ నుంచి 82వ నంబరు పడవలో వెళ్ళొచ్చు, సిటీ టికెట్టే చాలు. 18 ఏళ్ళలోపు వాళ్ళకు ప్రవేశం ఉచితం.

ప్రకృతి అంటే ఇక్కడ సుమారు 30,000 దీవులు, దిబ్బల సమూహం. అరపూట ఉంటే ఫ్యాడెర్‌హోల్మార్నా, అరగంట పడవ. ఒక రోజంటే వాక్స్‌హోమ్ లేదా గ్రిండా. వీటికి వేరే టికెట్. చిన్న రేవుల్లో పడవ దానంతటదే ఆగదు: గట్టు మీద స్తంభానికి గుండ్రటి తెల్ల పలక ఉంటుంది, దాన్ని పైకి లేపి పెడితేనే కెప్టెన్ ఆపుతాడు. తెలియక నిలబడి చెయ్యి ఊపేవాళ్ళ ముందు నుంచి ఆఖరి పడవ వెళ్ళిపోతే రాత్రి దీవిలోనే. ఈ దీవుల గడ్డిలో పిడుదులు ఉంటాయి, మెదడువాపు తెచ్చే రకం కూడా. పొడుగు ప్యాంటు, మేజోళ్ళు వేసుకుని, రాత్రి మోకాళ్ళ వెనకా చంకల్లో చూసుకోవాలి.

జూన్ 19, 25 మధ్య వచ్చే శుక్రవారం మిడ్‌సమ్మర్ అనే వేసవి పండుగకు ముందురోజు. ఆ రోజు ఊరు ఖాళీ, చాలా కొట్లూ హోటళ్ళూ మూత. స్కాన్సెన్ బహిరంగ మ్యూజియంలో పండుగ చూడాలనుకుంటే సరిగ్గా ఆ రోజే వెళ్ళాలి, లేకపోతే ఆ వారాంతం తప్పించుకోవాలి.

ఎవరికి ఏది

అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే కోపెన్‌హాగెన్: చదును నేల, విమానాశ్రయం దగ్గర. వాళ్ళకు నీళ్ళ మీద తిరగడం ఇష్టమైతే స్టాక్‌హోమ్. చిన్నపిల్లలతో వేసవిలో కోపెన్‌హాగెన్, పదేళ్ళు దాటినవాళ్ళతో వాసా కోసం స్టాక్‌హోమ్. మంచు చూడాలని జనవరి, ఫిబ్రవరిలో వెళ్ళేవాళ్ళకు ఓస్లో ఒక్కటే నమ్మకం. అప్పుడు కోపెన్‌హాగెన్‌లో ఎక్కువగా ఉండేది చలిగాలీ, తుంపరా. నడక అలవాటున్న ఇద్దరు, నాలుగు రోజులు, మే చివర నుంచి సెప్టెంబరు మొదటి వారం లోపు: ఓస్లో అని తడుముకోకుండా చెప్పొచ్చు.

తిండి సంగతి: ఆవకాయ, పొడులు తీసుకెళ్ళొచ్చు. నెయ్యి, కోవా లాంటి పాల పదార్థాలు, మాంసం మన దేశం నుంచి తీసుకెళ్ళడానికి మూడు దేశాల్లోనూ వీల్లేదు. నగదుతో పని దాదాపు ఉండదు. వీసా లేదా మాస్టర్‌కార్డ్‌ను బయల్దేరకముందే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకానికి తెరిచి, పిన్ గుర్తుంచుకోవాలి.

రెండు ఊళ్ళు కలిపితే

మూడూ షెంగెన్‌లోవే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలోవే, యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో లేని నార్వే కూడా. ఒక్క వీసా చాలు. దరఖాస్తు ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి పెట్టాలి, రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు, బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. బ్రిటన్ వీసా మీద అక్కడ ఉంటున్నవాళ్ళకూ భారత పాస్‌పోర్ట్ అయితే ఇది తప్పదు. జర్మనీ లాంటి షెంగెన్ దేశంలో నివాస కార్డు ఉన్నవాళ్ళకు అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త విధానంలో వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు కాబట్టి విమానం మారడానికి కనీసం మూడు గంటలు ఉంచుకోండి.

జంటగా కోపెన్‌హాగెన్, స్టాక్‌హోమ్ సులువు: రైలు ఐదు, ఐదున్నర గంటలు. ఓస్లో, స్టాక్‌హోమ్ రైలు సుమారు ఆరు గంటలు. పట్టాల పని ఉన్న రోజుల్లో మధ్యలో బస్సెక్కిస్తారు, టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోవాలి. అన్నింటికంటే అందమైన జంట ఓస్లో, కోపెన్‌హాగెన్, రాత్రి ఓడలో. మధ్యాహ్నం దాటాక బయల్దేరి మర్నాడు పొద్దున చేరుతుంది, ఒక రాత్రి హోటల్ ఖర్చు కలిసొస్తుంది. వేసవిలో ఎటు నుంచి ఎక్కినా ఓస్లో ఫ్యోర్డ్, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, వెలుతురులోనే కనిపిస్తుంది. చలికాలంలో ఓస్లో నుంచి ఎక్కితే రేవు వదిలేసరికే చీకటి పడుతుంది. అప్పుడు కోపెన్‌హాగెన్‌లో ఎక్కి, పొద్దున టిఫిన్ తొందరగా ముగించి, టోపీ చెవుల మీదికి లాక్కుని డెక్ మీదికి వెళ్ళండి. ఓడ దీవుల మధ్యగా నెమ్మదించి, తెల్లారే వెలుతురులో ఒపెరా హౌస్ తెల్ల కప్పు ఉన్న రేవులోకే వస్తుంది.